మాకావ్ నుంచి పెనాంగ్ దాకా: చైనా పిండివంటల దుకాణంలో అసలు ఏం అమ్ముతారు?

హాంకాంగ్, మాకావ్, మలేషియాలోని పెనాంగ్, తైవాన్‌లోని తైపే, ఎక్కడి ట్రావెల్ వీడియో చూసినా అందులో ఒక పాత చైనా పిండివంటల దుకాణం తప్పకుండా ఉంటుంది. బయట క్యూ, లోపల కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా ఉండదు. గాజు అల్మారాలో గోధుమరంగు బిళ్లలు వరసగా పేర్చి ఉంటాయి. కొత్తవాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అరగంట నిలబడి కొన్నదాన్ని హోటల్ గదిలో కొరికితే పొరలు పొరలుగా మంచం మీద రాలుతుంది, తీపి చాలదు, లోపల చూస్తే పప్పు ముద్ద. పూతరేకులూ కాజాలూ తిన్న నోటికి ఇందుకేనా ఇంత హడావిడి అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈ నిరాశలో వంట తప్పు తక్కువ. ఆ అల్మారాలో రెండు రకాల సరుకు పక్కపక్కనే ఉంటుంది. ఒకటి అక్కడికక్కడ వేడివేడిగా తినేయాల్సింది. రెండోది ఎవరికైనా ఇవ్వడానికి చేసింది. అంటే కొన్నాళ్లు పెట్టెలో ఉండి, ఊరు దాటి, ఇంకొకరి ఇంట్లో నలుగురి మధ్య ముక్కలై, టీతో పాటు లోపలికి వెళ్లాల్సింది. పాత దుకాణాల పేరూ ఆదాయమూ చాలావరకు ఈ రెండో రకం మీదే నిలబడ్డాయి. ప్రయాణికులు రెండింటినీ తారుమారు చేస్తారు. గుడ్డు కస్టర్డ్ నింపిన ఎగ్ టార్ట్‌ను ప్యాక్ చేయించుకుని రాత్రికి తింటారు, పండగ కానుకగా ఇచ్చే పూర్ణం బిళ్ల మూన్‌కేక్‌ను కొన్న ఐదు నిమిషాల్లో ఒక్కరే పూర్తి చేస్తారు. మొదటిది అప్పటికి మెత్తబడి పాడవుతుంది, రెండోది కడుపులో రాయిలా కూర్చుంటుంది.

ఓవెన్ లేని వంటిల్లు

సంప్రదాయ చైనా వంటింట్లో పొయ్యి ఉంటుంది, దాని మీద గుండ్రటి వోక్, వోక్ మీద వెదురు బుట్టలు. వేపుడు, ఉడకబెట్టడం, ఆవిరి మీద వండడం, అన్నీ దీంతోనే అయిపోతాయి. లేనిదల్లా ఓవెన్. అందుకే పిండివంటలు రెండుగా చీలిపోయాయి. కొత్త సంవత్సరానికి జిగురు బియ్యప్పిండితో చేసే నియన్ గావ్ లాంటి ఆవిరి వంటలు ఇంట్లోనే అవుతాయి. కాల్చి చేసేవి మాత్రం దుకాణం నుంచే రావాలి. బొగ్గుల పొయ్యి, చెక్క అచ్చులు, పొరల పిండి చుట్టే పనితనం ఇంటింటికీ ఉండేవి కావు. హాంకాంగ్ లాంటి ఇరుకు ఫ్లాట్ల ఊళ్లో నేటికీ పరిస్థితి పెద్దగా మారలేదు.

దీని ఫలితం ఏమిటంటే, కాల్చిన పిండివంట అనేది మొదటినుంచీ కొనుక్కునే వస్తువు. కొనేది కాబట్టి రోజూ వాడేది కాదు. ఒక పండగకో, పెళ్లికో, దేవుడికో, పెద్దలకో సందర్భం చూసి కొనేది. దుకాణం సరుకు కూడా ఆ సందర్భాల ప్రకారమే మారుతుంటుంది. పుట్టినరోజు పెద్దవాళ్లకు దీర్ఘాయుష్షు కోరుతూ పీచ్ పండు ఆకారంలో బన్నులు. బిడ్డకు నెల నిండితే పెనాంగ్, సింగపూర్‌లలోని హొక్కియన్ (చైనా ఫుజియన్ ప్రాంతపు మూలాలున్న) కుటుంబాల్లో తాబేలు ఆకారపు ఎర్రటి ఆంగ్ కూ, దాని లోపల పెసరపప్పు పూర్ణం. చింగ్‌మింగ్ నాడు, అంటే ఏప్రిల్ 4 లేదా 5న పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజుల్లో షాంఘై వైపు ఆకుపచ్చని చింగ్‌త్వాన్ ఉండలు. బీజింగ్‌లో ఐదో చాంద్రమాసం వస్తే పాము, తేలు, జెర్రి, బల్లి, కప్ప బొమ్మలు అచ్చు వేసిన ఐదు విషాల కేకులు తింటారు. ఎండాకాలపు విషాలు అంటకూడదని ఆ ఏర్పాటు. ఏడాది చివర పన్నెండో నెల 23నో 24నో వంటింటి దేవుడు పైలోకానికి వెళ్లి ఇంటి సంగతులు నివేదిస్తాడట. ఆయన నోరు అతుక్కుపోయేలా, లేదా కనీసం తియ్యగా మాట్లాడేలా, జిగురు మాల్ట్ మిఠాయి పెడతారు. లంచం మీద ఇంత ముద్దుగా ఆలోచించిన సంప్రదాయం అరుదు.

పెళ్లి కేకు, పండగ కూపను

ఇచ్చిపుచ్చుకోవడం ఎంత గట్టి వ్యవస్థో తెలియాలంటే గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ వైపు పెళ్లిళ్లు చూడాలి. పెళ్లికి ముందు వరుడి తరఫువాళ్లు లాంఛనాలతో పాటు పెళ్లి కేకులు వధువు ఇంటికి పంపుతారు. వధువు తల్లిదండ్రులు వాటిని చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. కేకు అందిందంటే పెళ్లి కుదిరిన వార్త అందినట్టే. మన సారె కూడా ఇలా వీధంతా పంచడానికే వస్తుంది, కాకపోతే అది పిల్ల పుట్టింటి నుంచి బయలుదేరుతుంది, ఇది పిల్లాడి ఇంటి నుంచి. ఆ కేకుల పైపొరలకు ఎరుపు, పసుపు, తెలుపు రంగులు. లోపల తామర గింజల ముద్ద, పప్పు ముద్ద, రకరకాల గింజల మిశ్రమం. ఎన్ని క్యాటీల కేకులు పంపాలన్నది పాత రోజుల్లో రెండు కుటుంబాల మధ్య గట్టి బేరమే. హాంకాంగ్ క్యాటీ అంటే దాదాపు 605 గ్రాములు.

ఇప్పుడు అంత బరువు మోసుకుని ఇంటింటికీ తిరిగే ఓపిక ఎవరికీ లేదు. హాంకాంగ్ దుకాణాలు కేకు కూపన్లు తెచ్చాయి. పెళ్లి శుభలేఖతో పాటు కూపన్ ఇస్తే అతిథి తీరిక ఉన్నప్పుడు దుకాణానికి వెళ్లి తెచ్చుకుంటాడు. కేకు పక్కకు పోయి కాగితం మిగిలినా, ఇవ్వడం అనే పని మాత్రం ఆగలేదు.

మూన్‌కేక్ విషయంలో ఇది ఇంకా దూరం వెళ్లింది. ఎనిమిదో చాంద్రమాసం 15న వచ్చే శరదృతువు మధ్య పండగకు కంపెనీలు ఉద్యోగులకు, వ్యాపారులు ఖాతాదారులకు, కిందివాళ్లు పైవాళ్లకు మూన్‌కేక్ పెట్టెలు ఇస్తారు. (మన పంచాంగం ప్రకారం ఆ పున్నమి ఒక్కో ఏడాది భాద్రపదంలో, ఒక్కో ఏడాది ఆశ్వయుజంలో పడుతుంది. 2025లో అక్టోబర్ 6న, శరత్ పూర్ణిమ రోజే వచ్చింది.) అందుకున్న పెట్టెను తెరవకుండా మరొకరికి పంపడం అక్కడ మామూలు విషయం. దీపావళికి వచ్చిన సోన్‌పాపిడి డబ్బాల గురించి జోకులు వేసుకునే మనకు దీన్ని వివరించనక్కరలేదు. పెద్ద నగరాల్లో మూన్‌కేక్ కూపన్లు చేతులు మారుతూ, వాటిని తక్కువ ధరకు కొని అమ్మే దళారులు కూడా పుట్టుకొచ్చారు.

కానుకకూ లంచానికీ మధ్య గీత చెరిగిపోవడంతో ప్రభుత్వం కలగజేసుకుంది. 2013లో అవినీతి వ్యతిరేక ప్రచారంలో భాగంగా ప్రజాధనంతో మూన్‌కేకులు కొని పంచడాన్ని చైనా కమ్యూనిస్టు పార్టీ నిషేధించింది. 2022లో పెట్టె ధర 500 యువాన్లు దాటితే నిఘా పెడతామని అధికారులు ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు నుంచి మూడు పొరలకు మించి ప్యాకింగ్ ఉండకూడదని, ఖరీదైన లోహాలు, విలువైన కలప వాడకూడదని నిబంధన వచ్చింది. గోధుమపిండి, పప్పు ముద్దతో చేసిన ఒక బిళ్ల మీద ఇన్ని నిబంధనలు ఎందుకో ఆలోచిస్తే, జనం కొంటున్నది ఆ బిళ్లను మాత్రమే కాదని తేలిపోతుంది. చుట్టిన డబ్బాకూ, దాని మీద ఉన్న దుకాణం పేరుకూ, ఇచ్చిన మనిషి ముఖానికీ అందులో వాటా ఉంది.

రెండు పిండులు, ఒక కొవ్వు

ఇక కొరికితే రాలే ఆ పొరల సంగతి. సూఝౌ తరహా మూన్‌కేక్, హాంకాంగ్ భార్య కేకు, తైవాన్ సూర్య కేకు, పెనాంగ్ తావ్‌సా పియా పేర్లు వేరైనా పైపొర వెనక ఉన్న లెక్క ఒకటే. రెండు పిండి ముద్దలు కలుపుతారు. ఒకదానిలో గోధుమపిండి, నీళ్లు, కొంత కొవ్వు. నీళ్లు తగలడంతో గ్లూటెన్ (గోధుమపిండికి సాగుడునిచ్చే ప్రొటీన్) సాగి ముద్ద సాగుడుగా వస్తుంది. రెండోదానిలో గోధుమపిండి, కొవ్వు మాత్రమే, చుక్క నీరు ఉండదు. కొవ్వు ప్రతి పిండి రేణువునూ పట్టేయడం వల్ల గ్లూటెన్ పుట్టదు, ముద్ద ఇసుకలా విరుగుతుంది. మొదటిదాన్ని పరిచి, రెండోదాన్ని లోపల పెట్టి మూసి, కర్రతో ఒత్తి, చాపలా చుట్టి, మళ్లీ ఒత్తి, మళ్లీ చుడతారు. ఓవెన్‌లో నీళ్లున్న పొర ఆవిరితో పైకి లేస్తుంది, కొవ్వు పొర దాన్ని పక్క పొరకు అతుక్కోనివ్వదు. అందుకే కాగితాల్లాంటి పొరలు. ఇందులో ఈస్టు, బేకింగ్ పౌడర్ అక్కర్లేదు.

ఆ కొవ్వు సంప్రదాయంగా పంది కొవ్వు. చవకగా దొరుకుతుంది, గది వేడిలో గట్టిగా నిలిచి నోటి వేడికి కరుగుతుంది, వెన్నలో ఉన్నట్టు నీళ్లు ఉండవు. నూనెతో చేస్తే పొరలు అంత విడివిడిగా రావు, వెన్నతో చేస్తే వాసన మారిపోతుంది. పాత రుచి అని పెద్దవాళ్లు పట్టుబట్టేది చాలాసార్లు ఈ కొవ్వు గురించే.

గ్వాంగ్‌డాంగ్ మూన్‌కేక్ దారి వేరు. అందులో పొరలు లేవు. నిమ్మరసం లాంటి పులుపు వేసి చక్కెరను నెమ్మదిగా కాచిన పాకం, వేరుశనగ నూనె, కొద్దిగా క్షారపు నీళ్లు కలిపి మెత్తటి పిండి చేస్తారు. క్షారం పాకంలోని పులుపును విరిచి, కాలినప్పుడు పైభాగానికి ముదురు గోధుమరంగు తెస్తుంది. పిండిని పల్చగా చుట్టి లోపల మూడు నాలుగు రెట్ల బరువున్న పూర్ణం పెట్టి, చెక్క అచ్చులో నొక్కి, అచ్చును బల్లకు టక్కున కొట్టి బయటకు తీస్తారు. అసలు విశేషం ఆ తర్వాతే. ఓవెన్ నుంచి దిగిన మూన్‌కేక్ పైపొర గట్టిగా, పొడిగా ఉంటుంది, బాగుండదు. రెండు మూడు రోజులు మూసిపెడితే పూర్ణంలోని నూనె, తేమ పైపొరలోకి పాకి అది మెత్తబడి నిగనిగలాడుతుంది. పంపినవాళ్ల ఊరి నుంచి అందుకున్నవాళ్ల ఊరికి చేరేసరికి రుచి పెరిగే వంట ఇది. తాజాగా ఉంటేనే మంచిదన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. కానుకగా ఇవ్వడానికి ఇంతకంటే తెలివైన తయారీ ఉంటుందనుకోవడం కష్టం.

తీపి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ కాలపు చైనా కుటుంబాల్లో పిండివంటకు దక్కే పెద్ద మెప్పు "మరీ తియ్యగా లేదు" అన్న మాట. దానికోసం దుకాణాలు చక్కెర తగ్గిస్తూ వచ్చాయి. కానీ చక్కెర రుచికి మాత్రమే కాదు, నీటిని పట్టి ఉంచి బూజును ఆపడానికి కూడా. తగ్గించిన కొద్దీ నిల్వ రోజులు తగ్గుతాయి. ఎక్కువ రోజులు ఆగాలంటే ఒక్కో బిళ్లకు గాలి చొరని ప్లాస్టిక్ కవరు, అందులో తేమనూ గాలినీ పీల్చే చిన్న పొట్లం అవసరమయ్యాయి.

లోపలి పూర్ణాల్లో తెలుగువాళ్లకు తెలియని దినుసులు నిజానికి తక్కువ. తావ్‌సా పియాలో పొట్టు తీసిన పెసరపప్పును ఉడికించి, చక్కెర, ఉప్పు, వేయించిన చిన్న ఉల్లిపాయలతో కలుపుతారు. మొదటి కాటులో తీపి, తర్వాత ఉల్లి వాసన, చివర ఉప్పు. తీపి వస్తువు అనుకుని కొన్నవాళ్లు ఇక్కడ ఉలిక్కిపడతారు. ఎర్ర గింజల ముద్ద అని కనిపించేది పెసలకూ మినుములకూ దగ్గరి చుట్టమైన అడ్జుకి గింజలది. భార్య కేకులో ఉండే పారదర్శకమైన జిగురు పూర్ణానికి మూలం బూడిద గుమ్మడి, మనం వడియాలు పెట్టుకునేదీ గుమ్మానికి దిష్టి కోసం కట్టేదీ ఇదే కాయ. దాన్ని చక్కెర పాకంలో ఊరబెట్టి, వేయించిన జిగురు బియ్యప్పిండి, నువ్వులతో కలిపితే ఆ పూర్ణం తయారవుతుంది. తైవాన్ పైనాపిల్ కేకులో కూడా చాలాకాలం పైనాపిల్ కంటే బూడిద గుమ్మడి పాలే ఎక్కువగా ఉండేది. పీచు, పులుపు తగ్గించడానికి అలా చేసేవారు. నిఖార్సైన పైనాపిల్ రకం ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్. మాకావ్ బాదం బిస్కెట్‌లో ముఖ్య దినుసు బాదం కాదు, పెసరపిండి. తామర గింజల ముద్దకు పేరు తెచ్చినవాటిలో 1889లో గ్వాంగ్‌ఝౌలో మొదలైన లియన్‌షియాంగ్ లౌ ముందుంటుంది. ఆ ముద్ద మధ్యలో నారింజరంగు బంతిలా కనిపించేది ఉప్పులో ఊరిన బాతు గుడ్డు సొన. తియ్యటి ముద్దలో ఉప్పటి సొన ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు నాలుకే చెప్పాలి. మొత్తం తింటే వెగటు, చిన్న ముక్కలో రెండూ కలిసి వస్తే బాగుంటుంది.

చిన్న ముక్క అన్న మాట ముఖ్యం. రెండు సొనల తామర గింజల మూన్‌కేక్ ఒక్కటే 180 గ్రాముల పైన తూగుతుంది, అందులో దాదాపు 800 కేలరీలు. దాన్ని నాలుగు లేదా ఎనిమిది ముక్కలు కోసి, చక్కెర లేని టీతో కుటుంబమంతా తింటారు. ఒంటరి ప్రయాణికుడికి దీన్ని సరిగా తినే వీలే తక్కువ.

శాకాహారుల చిక్కు

తెలుగు ప్రయాణికుల్లో చాలామందికి ఇది అసలైన టెన్షన్. పైకి పప్పు, పిండి, చక్కెర. లోపల పంది కొవ్వు. పూర్ణం శాకాహారమేనా అని అడిగితే అవునంటారు, అది అబద్ధం కూడా కాదు. కొవ్వును చాలామంది మాంసం కింద లెక్కేయరు. కాబట్టి మాంసం ఉందా అని కాక, పంది కొవ్వు వేశారా అని విడిగా అడగాలి. చైనీస్‌లో దాన్ని "ఝూ యూ" అంటారు. స్వరం తప్పితే అర్థం కాకపోవచ్చు, ఫోన్‌లో రాసి చూపించడం నయం. పైభాగం నిగనిగలాడుతుంటే గుడ్డు పూత ఉన్నట్టు. మెరుపు లేని తెల్లటి సూర్య కేకు లాంటిదాన్ని చూసి గుడ్డు లేదనుకోవచ్చేమో గానీ, కొవ్వు లేదనుకోలేం.

దారులు లేకపోలేదు. బీజింగ్ న్యూజియే వీధి లాంటి చోట్ల హుయి ముస్లింల హలాల్ దుకాణాల్లో పంది కొవ్వు ఉండదు. అయితే కొన్నిటిలో పశువుల కొవ్వు వాడే అవకాశం ఉంది, అదీ అడగాలి. మలేషియాలో హలాల్ గుర్తు ఉన్న పెట్టెలు విరివిగా దొరుకుతాయి. అందరిలోకీ తైవాన్ నయం. బౌద్ధ శాకాహారులు ఎక్కువ కాబట్టి, 2009 నుంచి అక్కడ శాకాహారమని చెప్పే ప్యాకెట్ల మీద అది ఏ రకమో రాయాలి. పూర్తి శాకాహారం, పాలున్నది, గుడ్డున్నది, రెండూ ఉన్నది, ఉల్లి వెల్లుల్లి వంటివి ఉన్నది అని ఐదు వర్గాలు. ఉల్లిని విడిగా చెప్పే దేశం దొరకడం మన సంప్రదాయ కుటుంబాలకు చిన్న అదృష్టమేమీ కాదు. పాలున్న శాకాహారం అన్న గుర్తు మన అలవాటుకు సరిగ్గా సరిపోతుంది.

వియ్యంకుల స్థానంలో టూరిస్టు

మాకావ్‌లో సెయింట్ పాల్స్ శిథిలాల వైపు ఎక్కే దారిలో, టైపా పాతబస్తీలోని కున్హా వీధిలో పిండివంటల దుకాణాలు ఆనుకుని ఉంటాయి. దారినపోయే వాళ్లకు పిలిచి మరీ ముక్కలు రుచి చూపిస్తారు. వేరుశనగ మిఠాయి, అల్లం మిఠాయి, బాదం బిస్కెట్, ఎగ్ రోల్స్ (మన పరోటా రోల్ కాదు, పెళుసు బిస్కెట్ చుట్టలు). నాలుగు దుకాణాలు తిరిగితే ఏమీ కొనకుండానే కడుపు నిండుతుంది. వీటిలో పేరున్న కోయ్ కేయ్ 1997లో తోపుడుబండి మీద మొదలైంది. అంటే తరతరాల దుకాణం అన్న భావన కలిగించే ఈ వీధి రూపం చాలావరకు ఈ మధ్యదే. 2002లో క్యాసినోల గుత్తాధిపత్యం పోయింది. 2003 నుంచి చైనా ప్రధాన భూభాగంలోని జనం సొంతంగా వీసా తీసుకుని రావడం మొదలైంది. ఏడు లక్షలు కూడా లేని జనాభాకు 2024లో దాదాపు 3.5 కోట్ల మంది సందర్శకులు వచ్చారు. ప్రతివాళ్లూ ఇంటికి ఒక పెట్టె పట్టుకెళ్లాలి కదా.

దీన్ని టూరిజం పాడుచేసిన సంప్రదాయంగా కొట్టిపారేయడం తేలిక. కానీ జరిగింది మరోలా కనిపిస్తుంది. ఇవ్వడం కోసం చేసిన సరుకు అది, ఇచ్చే సందర్భం మాత్రమే మారింది. వియ్యంకుల ఇంటికి వెళ్లే పెట్టె ఇప్పుడు ఆఫీసు సహోద్యోగులకు వెళ్తోంది. నిల్వ ఉండే గుణం, విడివిడి పొట్లాలు, పెట్టె మీద పెద్దక్షరాల పేరు, ఏదీ కొత్తగా కనిపెట్టనక్కరలేకపోయింది. పెళ్లిళ్లు తగ్గి, ఇంటి పండగలు చిన్నవైన రోజుల్లో ఈ దుకాణాలు మూతపడకుండా నిలబడటానికి టూరిస్టే కారణం అన్నా అతిశయోక్తి కాదు. నష్టం లేదని కాదు. పెట్టెలో ఇమిడేది, నెల నిల్వ ఉండేది మాత్రమే పెరుగుతుంది. పొద్దున చేసి సాయంత్రానికి అయిపోవాల్సిన రకాలు అల్మారా మూలకు జరిగి, ఒకరోజు మాయమవుతాయి.

పెనాంగ్ జార్జ్ టౌన్‌లో ఈ రెండూ ఇంకా కలిసే ఉన్నాయి. 1856లో మొదలైన ఘీ హియాంగ్ లాంటి దుకాణాలు తావ్‌సా పియాను స్థానికులకూ పర్యాటకులకూ ఒకే కౌంటర్ మీద అమ్ముతాయి. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ పెరిగింది. క్వాలాలంపూర్ నుంచి పెనాంగ్ వెళ్లే దారిలో ఇపో వస్తుంది. ఆ పెరాక్ రాష్ట్రంలోనే బాగన్ డాటో వైపు తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. ఇపో పరిసరాల్లో దొరికే హియాంగ్ పియా పైకి పెళుసు, లోపల మాల్ట్ జిగురు. కొన్నిచోట్ల ఇప్పటికీ కొబ్బరి పీచు మంటతో వేడెక్కిన మట్టి పొయ్యి గోడలకు అతికించి కాలుస్తారు.

పాత పేరు ఎంత పాతది?

బోర్డు మీద ఉన్న సంవత్సరాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. బీజింగ్ దావ్‌షియాంగ్‌చున్ 1895లో నాన్‌జింగ్ నుంచి వచ్చిన వ్యాపారి చియన్‌మెన్ ప్రాంతంలో పెట్టిన దుకాణం. 1926లో మూతపడింది. 1984లో మళ్లీ తెరిచారు. మధ్యలో దాదాపు ఆరు దశాబ్దాల ఖాళీ. మరోవైపు 1773 నాటి చరిత్ర చెప్పుకునే సూఝౌ దావ్‌షియాంగ్‌చున్ ఉంది. ఒకే పేరు మీద ఈ రెండు కంపెనీలూ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకున్నాయి. 2018లో బీజింగ్ కోర్టు ఒకరి వైపు, సూఝౌ కోర్టు మరొకరి వైపు తీర్పు ఇచ్చాయి. ఎవరి కోర్టు ఎవరి వైపు అన్నది వేరే చెప్పనక్కరలేదు.

చైనా వాణిజ్య శాఖ పాత సంస్థలకు "లావ్ జీహావ్" గుర్తింపు ఇస్తుంది. దుకాణం గుమ్మంలో ఆ పలక గొప్పగా వేలాడుతుంటుంది. 2023లో 55 సంస్థలకు దాన్ని వెనక్కి తీసుకున్నారు. పలక ఉన్నంత మాత్రాన లోపల పొరలు బాగా వచ్చాయని కాదు. హాంకాంగ్‌లో 1954లో మొదలైన తాయ్ చియాంగ్ బేకరీ ఎగ్ టార్ట్‌ను చివరి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటెన్ ఇష్టంగా తినేవాడు. అంత పేరున్న దుకాణం కూడా 2005లో అద్దె కట్టలేక పాత చోటు ఖాళీ చేసి, తర్వాత అదే వీధిలో మళ్లీ తెరవాల్సి వచ్చింది. మాకావ్‌లో అందరూ పాత పోర్చుగీసు వారసత్వం అనుకునే మచ్చల ఎగ్ టార్ట్‌ను అక్కడ మొదలుపెట్టింది ఆండ్రూ స్టో అనే ఇంగ్లీషువాడు, 1989లో, కొలోవాన్ గ్రామంలో. రుచికీ వయసుకూ ఉన్న సంబంధం అనుకున్నంత గట్టిది కాదు.

కొనేటప్పుడు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. పాత పద్ధతి దుకాణాల్లో విడిగా ఒకటి రెండు కూడా ఇస్తారు, లేదా తూకం వేస్తారు. ప్రధాన భూభాగంలో జిన్ అంటే 500 గ్రాములు. ముందు విడిగా ఒకటి కొని, బయట తిని, నచ్చితే పెట్టె కొనడం మేలు. ఎగ్ టార్ట్, షాంఘై మాంసం మూన్‌కేక్, ట్రే మీద పొగలు కక్కుతున్న భార్య కేకు, ఇవి అక్కడే నిలబడి తినాల్సినవి. బాదం బిస్కెట్, గ్వాంగ్‌డాంగ్ మూన్‌కేక్, పైనాపిల్ కేకు సూట్‌కేసులో పెట్టుకోవాల్సినవి. తావ్‌సా పియా మధ్యలో ఉంటుంది. వారం లోపు అయిపోతే బాగు, మెత్తబడితే కాసేపు ఓవెన్‌లో పెడితే పొరలు తిరిగి పెళుసెక్కుతాయి. బీజింగ్‌లో ఎనిమిది రకాలు కలిపి అమర్చిన "జింగ్ బా జియన్" పెట్టె కొత్తవాళ్లకు మంచి మొదలు.

పెట్టె కొన్నాక ఒకసారి దినుసుల పట్టిక చూడాలి. మాకావ్ ఎగ్ రోల్స్‌లో కొన్ని పంది మాంసం పొడి చుట్టినవి, బాదం బిస్కెట్లలో కొన్నిటి మధ్యలో కొవ్వు మాంసం ముక్క ఉంటుంది, గింజల మూన్‌కేకుల్లో హామ్ కలిపిన రకాలున్నాయి. పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో తైవాన్ 2018 డిసెంబరు నుంచి, ఆ జబ్బు ఉన్న ప్రాంతాల పంది మాంసపు పదార్థాలతో దిగినవారికి మొదటిసారికే 2 లక్షల తైవాన్ డాలర్ల జరిమానా వేస్తోంది. మాకావ్ నుంచి తైపే వెళ్లే ప్లాన్ ఉంటే ఆ పెట్టెను విమానం ఎక్కకముందే తినేయడమో, ఎవరికైనా ఇచ్చేయడమో చేయాలి.